నర్సింగా, ఫిజియోథెరపీ అసిస్టెంటా? ఇంటర్ అయ్యాక తేల్చుకునే పద్ధతి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి, జడ్చర్ల నుంచి ఒకటే ఫోన్లు. "అక్కా, పాప బైపీసీ అయింది, డాక్టర్ సీటు వచ్చేలా లేదు, నర్సింగ్‌లో చేర్పించాలా, ఫిజియోథెరపీలో చేర్పించాలా?" ఐదు నిమిషాల ఫోన్లో తేలే ముచ్చట కాదిది. అందుకే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరుసగా రాస్తున్నా.

నేను సర్కారు దవాఖానలో నర్సింగ్ ఆఫీసర్‌ని. మా వార్డు పక్కనే ఫిజియోథెరపీ గది. రెండు పనులూ రోజూ కళ్ల ముందే జరుగుతుంటాయి.

నా మాట ముందే చెప్పేస్తా. ఫిజియోథెరపీ వైపు వెళ్లేదుంటే బీపీటీ (బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ) డిగ్రీ దాకా వెళ్లాలి, అసిస్టెంట్ దగ్గరే ఆగిపోయే పరిస్థితి ఉంటే ఆ వైపు వద్దు. నర్సింగ్‌లో అయితే జీఎన్ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) దగ్గర ఆగినా కొలువు ఉంటుంది, నాలుగేళ్ల తర్వాత మళ్లీ చదువుకుని పైకి పోవచ్చు. ఇది అందరికీ వర్తించే లెక్క. మీ ఇంట్లో పిల్లకో పిల్లాడికో ఏది సరిపోతుందో మాత్రం కింద చెప్పిన పనులు చేస్తేనే తెలుస్తుంది.

## 1. ముందు పేర్లు విడదీసుకోండి

"నర్సింగ్" అన్న ఒక్క మాటతో మన దగ్గర నాలుగైదు రకాల కోర్సులు అమ్ముతున్నారు. కాబట్టి కాగితం మీద రాసుకోండి.

నర్సింగ్ వైపు:

- ఏఎన్ఎం: రెండేళ్లు, అమ్మాయిలకు. సబ్‌సెంటర్, గ్రామాల్లో టీకాలు, గర్భిణుల సంరక్షణ.
- జీఎన్ఎం: మూడేళ్లు. ఆర్ట్స్ గ్రూపులు చదివినవాళ్లకూ అర్హత ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు.
- బీఎస్సీ నర్సింగ్: నాలుగేళ్లు, బైపీసీ కావాలి. వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కిందికి వస్తుంది.
- పోస్ట్ బేసిక్ బీఎస్సీ: జీఎన్ఎం చేసినవాళ్లు తర్వాత చేసుకునే రెండేళ్ల కోర్సు.

ఫిజియోథెరపీ వైపు:

- ఇంటర్ ఒకేషనల్ ఫిజియోథెరపీ: పదో తరగతి తర్వాత రెండేళ్లు. బ్రిడ్జ్ కోర్సు (అదనంగా రాసే సైన్సు సబ్జెక్టులు) పాసైతే బీపీటీకి దారి ఉంటుంది.
- డిప్లొమా, టెక్నీషియన్, అసిస్టెంట్ పేర్లతో నడిచే చిన్న కోర్సులు.
- బీపీటీ: ఇప్పటిదాకా ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు, జాతీయ కమిషన్ (దీని చట్టం గురించి కింద 2లో చెప్తా) కొత్త సిలబస్ ప్రకారం ఐదేళ్లు.
- ఎంపీటీ: ఫిజియోథెరపీలో పీజీ, ఆ పైన రెండేళ్లు.

ఏడాదిలో పూర్తయ్యే "నర్సింగ్ అసిస్టెంట్", "బెడ్‌సైడ్ అసిస్టెంట్" కోర్సులు చదివితే నర్సు కారు. అదీ ఒక కొలువే, చిన్నచూపేం లేదు, కానీ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ చూసి చేరిన పిల్లలు ఏడాది తర్వాత ఈ ముక్క తెలిసి ఏడుస్తుంటే చూడలేం.

## 2. ఆ కాగితంతో చట్టప్రకారం ఏం చేయొచ్చో అడగండి

కోర్సు పేరు ఏదైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇది పూర్తయ్యాక ఎవరి దగ్గర రిజిస్ట్రేషన్ వస్తుంది?"

జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్‌కు జవాబు తేలిక. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్. ఆ నంబరు ఉంటేనే సర్కారు నోటిఫికేషన్‌కు అప్లై చేయగలరు, వేరే రాష్ట్రానికో దేశానికో పోగలరు.

ఫిజియోథెరపీకి 2021లో జాతీయ స్థాయి చట్టం వచ్చింది, నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ యాక్ట్. ఆ చట్టంలో అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువు, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల కోర్సు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు కనీసం 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్లు. అంటే ఆరు నెలలు, ఏడాది కోర్సులు ఈ లెక్కలోకే రావు. ఎవరైనా "మా డిప్లొమా చేస్తే సొంత క్లినిక్ పెట్టుకోవచ్చు" అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అసిస్టెంట్ చేసే పని ఏమిటో కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. పేషెంటును పరీక్షించి, ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయించాలో నిర్ణయించేది ఫిజియోథెరపిస్టు. అసిస్టెంట్ ఆయన చెప్పినట్టు మెషిన్ పెడతారు, వ్యాయామాలు చేయిస్తారు, వ్యాక్స్ బాత్ (నొప్పికి వాడే కరిగిన మైనం) వేడి చూసుకుంటారు, పేషెంటును పట్టుకుని నడిపిస్తారు. పదేళ్లు చేసినా నిర్ణయం చేతికి రాదు, జీతం కూడా ఆ మేరకే ఉంటుంది.

## 3. రెండు చోట్లా కనీసం రెండ్రోజులు కూర్చుని చూడండి

వరుసలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైన పని, దాదాపు ఎవరూ చేయనిదీ ఇదే.

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలు, వాటి ఆస్పత్రులు ఉన్నాయి. తెలిసిన నర్సు ద్వారానో, నేరుగా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడంను కలిసో, "పాప ఈ కోర్సులో చేరాలనుకుంటోంది, రెండ్రోజులు చూడనిస్తారా" అని అడగండి. అందరూ ఒప్పుకోకపోవచ్చు, ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి. దూరం నుంచి చూడాలి, పేషెంట్లను తాకొద్దు, ఫోటోలు అసలే వద్దు.

వార్డులో పొద్దున ఎనిమిదింటికి నిలబడితే కనిపించేది ఇది. రాత్రి డ్యూటీ సిస్టర్ ఒక్కో బెడ్ దగ్గర హ్యాండోవర్ ఇస్తుంటుంది, ఈ పెద్దమ్మకు షుగర్ ఎంత, ఆయనకు యూరిన్ ఎంత వచ్చింది, ఎవరికి ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి. అంతలో ఒక ముసలాయనకు కాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్నని గొట్టం) దగ్గర వాచింది, తీసి కొత్తది పెట్టాలి, నరం దొరకదు, చేతి మీద తడిమి తడిమి వెతుకుతుంటే పక్క బెడ్ అటెండెంట్ సెలైన్ అయిపోయిందని కేక, అటు రౌండ్స్‌కు డాక్టర్ వచ్చేశారు, కేస్ షీట్ రాయడం సగంలో ఉంది. ఇవన్నీ ఒకేసారి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది బుర్రలో క్షణాల్లో తేలిపోవాలి.

ఫిజియో గదిలో హడావిడి తక్కువ, ఓపిక ఎక్కువ. పక్షవాతం వచ్చి మూడు వారాలైన ఆయన ప్యారలల్ బార్ల (పట్టుకుని నడిచే రెండు కడ్డీల) మధ్య నిలబడతాడు, మోకాలు మడత పడిపోతుంటుంది. ఫిజియో తన మోకాలు ఆయన మోకాలికి అడ్డం పెట్టి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని, "ఈ కాలు మీద బరువెయ్యి పెద్దయ్యా, నేనున్నా" అంటూ ఒక అడుగు వేయిస్తారు. నాలుగు అడుగులకే ఇద్దరికీ చెమటలు. రేపు మళ్లీ ఇదే, వచ్చేవారం కూడా ఇదే. ఆ తర్వాత మోకాలి నొప్పితో వచ్చే ఆమె "కరెంటు పెట్టి పంపించు బిడ్డా, ఎక్సర్‌సైజులు నాతోని కావు" అంటుంది, ఆమెను ఒప్పించాలి.

చూసొచ్చాక పిల్లలు ఇవి రాసుకోవాలి:

- రక్తం, వాంతి, పుండు వాసన చూసినప్పుడు నాకేమైంది? మొదటి రోజు కళ్లు తిరిగితే భయపడొద్దు, రెండో రోజు ఎలా ఉందో చూడండి.
- ఏ పని చూస్తుంటే టైం తెలియలేదు?
- ఏ పని చూస్తుంటే "ఇది రోజూ అంటే నా వల్ల కాదు" అనిపించింది?
- సిస్టర్‌ని, ఫిజియోని ఒక్కో ప్రశ్న అడిగానా? "ఈ పనిలో మీకు బాగా కష్టమేది" అని అడగండి, నిజం చెప్తారు.

## 4. ఒళ్లు, నిద్ర, ఇల్లు: ఈ మూడూ చూసుకోండి

నర్సింగ్ అంటే షిఫ్టులు. సర్కారులో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, ప్రైవేటులో చాలాచోట్ల పన్నెండు గంటలు. పండగ రోజు డ్యూటీ పడుతుంది, బతుకమ్మ నాడు ఊర్లో లేకపోవడం అలవాటు చేసుకోవాలి. నైట్ డ్యూటీ అంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, పెళ్లయ్యాక అత్తగారింటివాళ్లు కూడా. ఈ మాట ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి, కోర్సు అయ్యాక కాదు.

ఫిజియోథెరపీకి రాత్రి డ్యూటీలు చాలా తక్కువ. అయితే ఒంటి బలం కావాలి, మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి, అరగంట వంగి చేతితో పని చేయాలి. ఇప్పటికే నడుము నొప్పి ఉన్నవాళ్లు బాగా ఆలోచించాలి. నిజానికి నర్సులకూ ఈ బాధ ఉంటుంది, పేషెంటును పక్కకు తిప్పేది వాళ్లే కదా.

అబ్బాయిల సంగతి: నర్సింగ్‌లో అబ్బాయిలు ఇప్పుడు బాగానే ఉన్నారు, ఐసీయూల్లో, ఆపరేషన్ థియేటర్లలో బాగా తీసుకుంటారు. కానీ సర్కారు కాలేజీల్లో సీట్లు, కేంద్ర సంస్థల పోస్టులు ఎక్కువ భాగం అమ్మాయిలకే. ఎయిమ్స్ నర్సింగ్ పోస్టుల్లో 80:20 లెక్క, ఇరవై శాతమే అబ్బాయిలకు. ఫిజియోథెరపీలో ఈ తేడా లేదు.

## 5. పైసల లెక్క మొత్తం కోర్సుకు వేయండి

"ఏడాదికి ఇంత" అని కాలేజీ చెప్పే ట్యూషన్ ఫీజు సగం లెక్కే. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి రెండు కోర్సులకూ ఇవి రాయండి:

- ట్యూషన్ ఫీజు × ఎన్నేళ్లు
- పరీక్ష ఫీజు, యూనివర్సిటీ ఫీజు
- హాస్టల్, మెస్
- యూనిఫాం, షూ, రికార్డులు, పుస్తకాలు
- క్లినికల్ పోస్టింగ్‌కు బస్సు ఖర్చు
- స్టైపెండ్ ఉంటే ఎన్ని నెలలు, నిజంగా చేతికిస్తారా
- మొదటి జీతం ఎన్నో ఏడాదికి వస్తుంది

ఆఖరి లైను మీద వేలు పెట్టి ఆలోచించండి. జీఎన్ఎం పిల్ల మూడేళ్లకు డ్యూటీలో ఉంటుంది. బీపీటీ పిల్లాడు ఐదేళ్లకు బయటికొచ్చి, క్లినిక్‌లో చిన్న జీతంతో మొదలుపెట్టి, మంచి పేరు వచ్చి ఇంటింటికీ వెళ్లే కేసులు దొరికేదాకా ఇంకొంత కాలం ఆగాలి. ఇంట్లో ఆ ఓపిక, ఆ ఆధారం ఉందా? నాన్న ముంబై వలసలో ఉండి, చెల్లి చదువు వెనకే వస్తుంటే ఆ రెండేళ్ల తేడా చిన్నది కాదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఆగిపోకండి. "ఆ డబ్బు ఆలస్యమైతే నన్ను కట్టమంటారా, సర్టిఫికెట్లు ఆపుతారా" అని చేరకముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

ప్రైవేటు జీతాల గురించి కాలేజీవాళ్ల మాట నమ్మొద్దు. నకిరేకల్‌లోనో, మీ ఊరి దగ్గరి టౌన్‌లోనో మూడు ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లను, గత రెండేళ్లలో పాసైనవాళ్లను అడగండి. అదే అసలు రేటు.

## 6. కొలువులు ఎక్కడున్నాయో చూడండి

నర్సింగ్‌కు సర్కారు కొలువుల దారి పెద్దది. తెలంగాణలో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష పెడుతుంది. 2024 సెప్టెంబర్‌లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, పే స్కేల్ 36,750 నుంచి 1,06,990 రూపాయలు. జీఎన్ఎం వాళ్లూ, బీఎస్సీ వాళ్లూ అర్హులే. నూటిలో 80 మార్కులు పరీక్షకు, 20 సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు. కాబట్టి చదువవగానే కాంట్రాక్టు పోస్టు వస్తే జీతం తక్కువని వదులుకోకండి.

కేంద్రం వైపు ఎయిమ్స్ నిర్వహించే నర్సింగ్ ఆఫీసర్ల ఎంపిక పరీక్ష నార్‌సెట్ ఉంది, బీబీనగర్ ఎయిమ్స్ లాంటి చోట్ల పోస్టులు దాని ద్వారానే. మూల వేతనం 44,900 దగ్గర మొదలవుతుంది. బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లకు యాభై పడకలకు తగ్గని ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి, అనుభవ పత్రం జాగ్రత్తగా తీసుకోండి.

ఫిజియోథెరపిస్టులకు సర్కారు పోస్టులు తక్కువ, అప్పుడప్పుడు పడతాయి. జిల్లా ఆస్పత్రులు, పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీ కేంద్రాలు, దివ్యాంగ పిల్లల భవిత కేంద్రాలు, ఇలాంటి చోట్ల ఉంటాయి, అందులో చాలావరకు కాంట్రాక్టే.

కానీ అవసరం లేదనుకోవద్దు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరోసిస్‌తో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. విజయవాడ హైవే మీద, బెంగళూరు హైవే మీద యాక్సిడెంట్ కేసులు, పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్లు, కీళ్లు మార్పించుకుని హైదరాబాద్ నుంచి తిరిగొచ్చినవాళ్లు. వీళ్లంతా వారానికి మూడుసార్లు హైదరాబాద్ పోలేరు. మండల కేంద్రంలో ఒక మంచి బీపీటీ కూర్చుంటే పని ఉంటుంది. అయితే ఆ పని బీపీటీకే ఉంటుంది, అసిస్టెంట్‌కు ఆయన దగ్గర జీతం మాత్రమే.

## 7. పై మెట్లు, విదేశాలు

నర్సింగ్ మెట్లు: జీఎన్ఎం, పోస్ట్ బేసిక్, ఎమ్మెస్సీ, ఆ పైన టీచింగ్. విదేశాలకు జర్మనీ అయితే భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఈ దారి చూపిస్తుంది. ప్రైవేటు ఏజెంటుకు లక్షలు పోసేముందు అక్కడ అడగండి. గల్ఫ్‌కు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు.

ఇక అమెరికా సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే "ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్" అన్న మాట అక్కడి నుంచే మన వాట్సాప్‌లోకి వస్తోంది. అక్కడ అది లైసెన్సు ఉన్న ఉద్యోగం. గుర్తింపు ఉన్న కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, ఆ తర్వాత లైసెన్సు పరీక్ష. అక్కడి కార్మిక శాఖ 2024 మే లెక్కల్లో వీళ్ల మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 65 వేల డాలర్లు, రిజిస్టర్డ్ నర్సులకు సుమారు 93 వేలు. నర్సింగ్‌లో కూడా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాసి నర్సు కావొచ్చు. అక్కడ కూడా అసిస్టెంట్ నుంచి ఫిజికల్ థెరపిస్ట్ కావాలంటే మళ్లీ డిగ్రీ, ఆ పైన మూడేళ్ల డాక్టరేట్ చదవాలి.

అక్కడ ఉంటున్న అక్కకో వదినకో ఇది మంచి దారే, పగటి డ్యూటీ, చిన్న పిల్లలున్న ఇంటికి నప్పుతుంది. కానీ ఇక్కడి డిప్లొమా పట్టుకెళ్లి అక్కడ ఆ ఉద్యోగం చేయొచ్చనుకుంటే పొరపాటు.

## 8. కాలేజీ తనిఖీ

కోర్సు తేలాకే ఈ పని. వెళ్లేటప్పుడు పెన్ను, కాగితం తీసుకెళ్లండి.

- నర్సింగ్ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది జాబితాలో పేరుందా? పాత ఏడాది కాగితం చూపిస్తే ఒప్పుకోవద్దు.
- బీపీటీ అయితే కాళోజీ యూనివర్సిటీ అనుబంధ జాబితాలో ఉందా?
- సొంత ఆస్పత్రి ఉందా, లేక ఒప్పందమా? ఉంటే ఓపీ టైంలో వెళ్లి బెడ్ల మీద పేషెంట్లు ఉన్నారో లేదో చూడండి.
- ల్యాబ్‌లో బొమ్మలు, మెషిన్లు వాడినట్టున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా?
- రెండో ఏడాది పిల్లలను గేటు బయట అడగండి: క్లినికల్ పోస్టింగ్ నిజంగా జరుగుతోందా?
- "రాకపోయినా ఫర్వాలేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అంటే అక్కడ చేరొద్దు. రేపు పేషెంటు చేయి పట్టుకుని నరం వెతకాల్సింది మీ పిల్లే.

రాయచూర్, బెంగళూరు కాలేజీల ఏజెంట్లు పాలమూరు వైపు బాగా తిరుగుతారు. అక్కడ మంచి కాలేజీలూ ఉన్నాయి, కాగితం మీద మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. వెళ్లి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

## 9. ఎక్కువమంది చేసే తప్పులు, సర్దుకునే దారి

స్నేహితురాలు చేరిందని చేరడం. ఇంకా తరగతులు మొదలుకాకపోతే 3వ పని ఇప్పుడైనా చేయండి.

ఒకేషనల్ ఫిజియోథెరపీ చేసి ఆగిపోవడం. బ్రిడ్జ్ కోర్సు రాసి బీపీటీకి ప్రయత్నించండి. అది కుదరకపోతే జీఎన్ఎం నోటిఫికేషన్‌లో ఒకేషనల్ వాళ్లకు అర్హత ఉందో లేదో చూడండి.

ఏడాది కోర్సులో డబ్బు పెట్టేశాం, ఎలాగూ పూర్తి చేద్దాం అనుకోవడం. పోయిన డబ్బు పోయింది. వయసు ఉంటే అసలు కోర్సుకు మారండి. జీఎన్ఎంకు 17 నుంచి 35 ఏళ్ల దాకా అవకాశం ఉంటుంది.

ప్రవేశం ఎలాగో తెలుసుకోకుండా గడువు దాటించడం. బీఎస్సీ నర్సింగ్ సీట్లకు ఈమధ్య ఎప్‌సెట్ ర్యాంకు చూస్తున్నారు. ఇంటర్ రెండో ఏడాదిలోనే ఎప్‌సెట్‌కు అప్లై చేసి పెట్టండి, ర్యాంకు ఎంతొచ్చినా సరే, రాయకపోతే లైనులోనే ఉండరు. బీపీటీ నిబంధనలు జాతీయ కమిషన్ వచ్చాక మారుతున్నాయి, ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చదవండి.

చేరేటప్పుడు ఒరిజినల్స్ అన్నీ ఇచ్చేయడం. ఇచ్చే ప్రతి కాగితానికీ సంతకం ఉన్న రసీదు తీసుకోండి.

## 10. తేల్చే రోజు

అమ్మా నాన్నా, చదివే పిల్లా కలిసి కూర్చోండి. ముందు పిల్ల మాట్లాడాలి, పెద్దలు ఆఖర్న.

కింద చెప్పినవాటిలో మూడు "అవును" వస్తే నర్సింగ్:

- మూడు నాలుగేళ్లలో జీతం అవసరం
- సర్కారు కొలువుకు గట్టిగా చదువుతా
- రాత్రి డ్యూటీకి నేను, ఇల్లు ఒప్పుకున్నాం
- వార్డు హడావిడి చూసి బెదరలేదు

ఇవి నాలుగూ "అవును" అయితేనే ఫిజియోథెరపీ:

- బీపీటీ సీటు వచ్చేలా ఉంది, ఐదేళ్ల ఖర్చు భరించగలం
- ఒకే మనిషితో నెలల తరబడి ఓపికగా పనిచేయడం నచ్చింది
- ఆ తర్వాత రెండేళ్లు తక్కువ సంపాదనతో నడవగలం
- ఒళ్లు సహకరిస్తుంది

నిర్ణయం అయిన వారంలోనే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్‌లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ అన్నిటిలో ఒకేలా ఉన్నాయో చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి, రిజిస్ట్రేషన్ అప్పుడూ, పాస్‌పోర్టు అప్పుడూ అదే అడ్డం వస్తుంది.

ఏ కోర్సు అయినా, క్లినికల్ పోస్టింగ్ మొదలయ్యేలోపు హెపటైటిస్ బీ టీకా మొదలుపెట్టండి. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. కాలేజీ వేయిస్తుందని ఎదురుచూడకండి, మీరే వేయించుకుని కార్డు దాచుకోండి.